వీడియో పాఠాలు అందరికీ అందాలంటే: క్యాప్షన్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసేవారు, వాటిని చదువుకునేవారు, తమ పిల్లల కోసం వాటిని వెతికే తల్లిదండ్రులు ఇటీవల రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వినలేని, చూడలేని, మౌస్ పట్టుకోలేని విద్యార్థికి పాఠం ఎలా అందాలి, అందుకు పాఠాన్ని తయారుచేసే ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ ఏమి చేయాలి అన్నదే ఆ విషయం. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా కళాశాల ఎలక్ట్రికల్ విభాగానికి నేను వీడియో పాఠాలు తయారుచేస్తున్నాను. తరగతిలో వినికిడి లోపం ఉన్న విద్యార్థులు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసిచ్చే క్యాప్షన్లు (మాటలను తెర మీద చూపే రాత) పెట్టాను కానీ, వాటిని నమ్మి చదివితే పాఠం తలకిందులవుతోందని వాళ్లు అంటున్నారు. ప్రతి పాఠాన్నీ కూర్చుని దిద్దుకోవడం తప్ప వేరే దారి లేదా?
— అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: దిద్దకుండా వదిలేసే దారి లేదు, దిద్దవలసిన పనిని బాగా తగ్గించుకునే దారి మాత్రం ఉంది. ముందుగా రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లు ఉండాలన్న నియమాన్ని వెబ్ అందుబాటు ప్రమాణాలైన డబ్ల్యుసిఎజి అన్నిటికంటే కింది మెట్టయిన 'ఎ' స్థాయిలోనే పెట్టింది. యంత్రం రాసిన క్యాప్షన్లను మనిషి సరిచూసి, పూర్తిగా సరిగా ఉన్నాయని తేల్చుకున్నప్పుడే అవి ఆ నియమాన్ని తీర్చినట్టని, ఆ ప్రమాణాలను రూపొందించిన డబ్ల్యు3సి సంస్థ స్పష్టంగా చెబుతోంది. అందుచేత యంత్రం ఇచ్చినదాన్ని చిత్తుప్రతిగా మాత్రమే చూడండి.

మన తరగతి గదుల్లో మాట్లాడే తెలుగులో యంత్రం పొరబడే చోట్లు ముందే తెలిసినవే. సాంకేతిక పదం ఆంగ్లంలో వస్తుంది, దాని మీద తెలుగు విభక్తి చేరుతుంది. 'రెసిస్టరుకి', 'వోల్టేజీలో' అన్న రూపాల దగ్గర యంత్రం తడబడుతుంది. అంతకంటే ప్రమాదకరమైన చోటు మరొకటి ఉంది. తెలుగులో అనుమతీ నిషేధమూ క్రియ చివరనే తేలతాయి. 'ఈ తీగను తాకవచ్చు' అన్న మాటకూ 'ఈ తీగను తాకవద్దు' అన్న మాటకూ మధ్య ఉన్న తేడా ఒక్క అక్షరం. వినగలిగిన విద్యార్థి క్యాప్షన్ తప్పయినా మీ గొంతును బట్టి సర్దుకుంటాడు. క్యాప్షన్ మీదే ఆధారపడిన విద్యార్థికి ఆ అవకాశం లేదు. మీరు దిద్దడానికి కూర్చున్నప్పుడు అన్నిటికంటే ముందు క్రియాపదాల చివరలు, అంకెలు, కొలమానాలు (యూనిట్లు), సాంకేతిక పదాలు చూడండి; సమయం చాలని రోజున కూడా ఈ నాలుగింటిని వదలకండి.

ఇక పని తగ్గించుకునే దారి. చాలామంది అధ్యాపకులు పాఠం చెప్పే ముందే దానిని కాగితం మీదో, స్లైడ్ కింది నోట్స్‌లోనో రాసుకుంటారు. ఆ రాతే క్యాప్షన్లకు అసలు మూలం కావాలి. అడోబ్ క్యాప్టివేట్ అన్న ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్లైడ్ నోట్స్‌లోని పాఠాన్ని నేరుగా క్యాప్షన్లుగా మార్చి, ఆ స్లైడ్ ఆడియోతో కలిపే వీలు ఉంది. అటువంటిదే అయిన ఆర్టిక్యులేట్ స్టోరీలైన్‌లో వేరే చోట తయారుచేసుకున్న క్యాప్షన్ ఫైలును దిగుమతి చేసుకుని, లోపలే సవరించవచ్చు. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ లేకపోతే, రాసిన పాఠాన్నీ ఆడియోనూ కలిపి ఇస్తే ఏ వాక్యం ఏ క్షణంలో మొదలవుతుందో గుర్తించే పని మాత్రమే యంత్రానికి అప్పగించే సదుపాయాన్ని కోరండి. మాటలను కనిపెట్టడం కంటే, తెలిసిన మాటలకు సమయం కట్టడం యంత్రానికి చాలా తేలిక, తప్పులూ తక్కువ.

వాక్యాన్ని ఎక్కడ విరవాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. తెలుగు వాక్యంలో క్రియ చివరన వస్తుంది కాబట్టి పొడవైన వాక్యాన్ని మూడు క్యాప్షన్లుగా విరిచినప్పుడు, చదివేవాడు మొదటి రెండింటినీ మనసులో పట్టుకుని మూడోదాని కోసం ఎదురుచూడవలసి వస్తుంది. అక్షరాల సంఖ్య నిండగానే విరిచే సాఫ్ట్‌వేర్ ఈ కష్టాన్ని పెంచుతుంది. 'స్విచ్ వేసి', 'వోల్టేజీ పెరిగితే', 'తీగ వేడెక్కినప్పుడు' వంటి అసమాపక క్రియల తరువాత విరిస్తే, ప్రతి ముక్కకూ తనదైన అర్థం ఉంటుంది. అంతకంటే మంచి మార్గం, రికార్డు చేసేటప్పుడే వాక్యాలను చిన్నవిగా చెప్పడం.

మీరు అడగని మరో మాట కూడా చెప్పాలి. 'ఇక్కడ చూడండి' అంటూ మీరు సర్క్యూట్ పటంలో ఒక చోటును చూపిస్తున్నప్పుడు, క్యాప్షన్ చదువుతున్న విద్యార్థి కళ్లు తెర అడుగున ఉంటాయి. చదవడం ముగించి కళ్లు పైకెత్తేసరికి మీరు తరువాతి భాగానికి వెళ్లిపోయి ఉంటారు. పటాన్ని చూపించిన ప్రతిసారీ రెండు మూడు క్షణాలు మాట ఆపండి. ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని ఈ పని మీరొక్కరే చేయగలరు. మోటారు శబ్దం మారడం, రిలే 'టిక్' మనడం వంటివి పాఠానికి అవసరమైతే వాటినీ చదరపు కుండలీకరణాల్లో రాయండి. వెనుక వినిపించే సంగీతాన్ని వర్ణించడం కోసం మాత్రం చోటు వృథా చేయకండి.

ప్రశ్న: మా సంస్థలో తెలుగు కోర్సులకు క్యాప్షన్లు పెడితే కొన్నిసార్లు ప్రశ్నార్థకాలు, ఖాళీ పెట్టెలు కనిపిస్తున్నాయి. కొన్నిచోట్ల ఒత్తులు సగానికి తెగిపోతున్నాయి. ఆంగ్లానికి ఏ ఇబ్బందీ లేదు. లోపం ఫాంటులో ఉందా, సాఫ్ట్‌వేర్‌లో ఉందా?
— కోర్సు రూపకర్త, హైదరాబాద్

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు ఒకే జబ్బువి కావు, విడివిడిగా చూడాలి.

ప్రశ్నార్థకాలు, అర్థంలేని గుర్తులు కనిపిస్తే ఫైలును భద్రపరచిన సంకేత పద్ధతిని అనుమానించండి. క్యాప్షన్లను దాచే ఫైలు రూపాల్లో ఒకటైన వెబ్‌విటిటి తప్పనిసరిగా యుటిఎఫ్-8 అన్న సంకేత పద్ధతిలో ఉండాలని దాని ప్రమాణమే చెబుతుంది. మరో రూపం, పాతదైన ఎస్‌ఆర్‌టికి అటువంటి కట్టుబాటు లేదు కనుక ఒక్కో సాఫ్ట్‌వేర్ దానిని ఒక్కో విధంగా చదువుతుంది. ఎస్‌ఆర్‌టి వాడక తప్పనప్పుడు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి యుటిఎఫ్-8గా భద్రపరచిన తరువాతే దిగుమతి చేయండి. ఒకదాన్ని మరొకదానిగా మార్చేటప్పుడు ఫైలు పేరు చివర మారిస్తే సరిపోదు: వెబ్‌విటిటి మొదటి వరుసలో ఆ పేరే పెద్ద ఆంగ్ల అక్షరాల్లో ఉండాలి, సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య ఎస్‌ఆర్‌టిలో కామా ఉంటే ఇందులో చుక్క ఉంటుంది. ఖాళీ పెట్టెలు మాత్రమే కనిపిస్తే అప్పుడు లోపం ఫాంటుదే. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి యూనికోడ్ ఫాంటును కోర్సుతో పాటే జతచేసి పంపే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో చూడండి. విద్యార్థి యంత్రంలో తెలుగు ఫాంటు ఉంటుందన్న భరోసా లేదు.

ఒత్తులు తెగడానికి కారణం వేరు. క్యాప్షన్ పెట్టె ఎత్తును, వరుసల మధ్య దూరాన్ని ఆంగ్ల అక్షరాల కొలతతో నిర్ణయించి, దానిని మార్చుకునే వీలు లేకుండా చేసిన ఆథరింగ్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మన లిపిలో ఒత్తు అక్షరం కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది. రెండు వరుసల క్యాప్షన్‌లో పై వరుస ఒత్తు, కింది వరుస గుడి ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. ఒకే వరుస అయితే పెట్టె అంచు దగ్గర ఒత్తు కత్తిరించుకుపోతుంది. వరుసల దూరాన్ని ఫాంటు పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు పెంచితే చాలావరకు సర్దుకుంటుంది. ఆ అమరిక సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే ఫాంటు పరిమాణం తగ్గించి తాత్కాలికంగా గట్టెక్కవచ్చు కానీ, చూపు మందగించిన విద్యార్థికి అది మరో అడ్డంకి అవుతుంది.

దీనితో పాటు ఎవరూ అంతగా పట్టించుకోని రెండు విషయాలు ఉన్నాయి. క్యాప్షన్ వరుసకు ఇన్ని అక్షరాలు దాటకూడదని సాఫ్ట్‌వేర్ హెచ్చరించడం మీరు చూసే ఉంటారు. ఆంగ్లంలో ఈ పరిమితిని వేర్వేరు సంస్థలు 32 నుంచి 42 వరకు పెట్టుకున్నాయి. ఆ లెక్క యూనికోడ్ సంకేతాలను (కంప్యూటరు లోపల అక్షర భాగాలకు ఇచ్చిన గుర్తులను) లెక్కిస్తుంది తప్ప కంటికి కనిపించే అక్షరాలను కాదు. 'స్త్రీ' అన్నది మనకు ఒక్క అక్షరం. యంత్రానికి అది ఆరు సంకేతాలు. అందువల్ల సంయుక్తాక్షరాలు ఎక్కువగా ఉన్న తెలుగు వరుస, తెర మీద చోటు మిగిలి ఉన్నా, పరిమితి దాటినట్టు ఎర్రబడుతుంది. నిమిషానికి ఇన్ని పదాలన్న కొలత దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో తప్పుతుంది. 'చేయలేకపోతున్నామని' అన్నది ఒక్క పదమే అయినా చదవడానికి పట్టే సమయం ఆంగ్లంలోని ఒక్క పదానిది కాదు కాబట్టి, వేగం తక్కువగా ఉందని సాఫ్ట్‌వేర్ చెప్పిన చోట కూడా చదివేవాడు వెనుకబడవచ్చు. కొలతను పదాల్లోనో సంకేతాల్లోనో కాక, కనిపించే అక్షరాల్లో లెక్కించే వీలును కోరడం న్యాయమైన కోరిక.

రెండోది, కంటికి కనిపించని ఒక సంకేతం. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు పొల్లు తరువాత వకారం ఒత్తుగా మారిపోకుండా ఆపేది ఆ సంకేతమే. ఫైలును దిగుమతి చేసేటప్పుడో, ప్రచురించేటప్పుడో కొన్ని ప్రోగ్రాములు దానిని చెత్తగా భావించి తీసివేస్తాయి. ఆంగ్ల పదాలు నిండిన సాంకేతిక పాఠంలో ఇది ప్రతి వరుసలోనూ తెలిసిపోతుంది. ప్రచురించిన కోర్సులోని క్యాప్షన్లను మూల ఫైలుతో ఒకసారి పోల్చి చూసుకోవడం అలవాటు చేసుకోండి. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో కూర్చిన పాఠాన్ని మాత్రం యూనికోడ్‌లోకి మార్చకుండా ఎట్టి పరిస్థితుల్లోనూ అతికించకండి. అది కంటికి తెలుగే, లోపల మాత్రం ఆంగ్ల గుర్తుల వరుస.

ప్రశ్న: నాకు చూపు లేదు. బి.ఇడి. చదువుతూ, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఆన్‌లైన్ కోర్సులు చేస్తున్నాను. ఒక కోర్సులో 'రెక్టాంగిల్ 1, రెక్టాంగిల్ 2' అని వినిపిస్తుంది, తెలుగు వాక్యాలను దాటేస్తుంది, చివరి పరీక్షలో పదాలను లాగి పెట్టెల్లో వేయమంటుంది. ఇది నా స్క్రీన్ రీడర్ లోపమా?
— విద్యార్థిని, కర్నూలు

జవాబు: కాదమ్మా, మీ స్క్రీన్ రీడర్ తనకు అందిన సమాచారాన్ని ఉన్నది ఉన్నట్టుగా చెబుతోంది. లోపం కోర్సుది. స్లైడ్ మీద అలంకారం కోసం గీసిన పెట్టెలకు ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ తానే ఒక పేరు పెడుతుంది. కోర్సు చేసినవారు దానిని మార్చకపోయినా, స్క్రీన్ రీడర్‌కు కనిపించకుండా దాచకపోయినా మీకు వినిపించేది ఆ పేరే. ఉచితంగా దొరికే ఎన్‌విడిఎ అన్న స్క్రీన్ రీడర్ తెలుగును చదవగలదు. కానీ కోర్సు భాష 'ఆంగ్లం' అని లోపల రాసి ఉంటే, అది తెలుగు వాక్యాన్ని ఆంగ్ల గొంతుకు అప్పగించి, పలకలేక వదిలేస్తుంది. కోర్సు ప్రచురించేటప్పుడు భాషను తెలుగుగా గుర్తించడం చిన్న పని. ప్రస్తుతానికి మీరు ఎన్‌విడిఎ అమరికల్లో భాష తనంతట తాను మారే ఎంపికను తీసివేసి, తెలుగు గొంతునే స్థిరంగా ఉంచుకుని చూడండి.

లాగి వేసే పరీక్ష విషయంలో మీ వైపు ప్రమాణం బలంగానే ఉంది. కీబోర్డుతో ప్రతి పనీ చేయగలగాలన్నది డబ్ల్యుసిఎజిలో 2.0 రూపం నుంచీ ఉన్న 'ఎ' స్థాయి నియమం. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 రూపంలో, లాగడం ద్వారా చేసే ప్రతి పనికీ లాగకుండా చేసే మరో మార్గం ఉండాలన్న నియమాన్ని కొత్తగా, 'ఎ' పై మెట్టయిన 'ఎఎ' స్థాయిలో చేర్చారు. పరీక్ష ఉద్దేశం జతపరచడం అయితే, ఎంపిక జాబితాతోనో, బహుళైచ్ఛిక ప్రశ్నతోనో అదే జ్ఞానాన్ని పరీక్షించవచ్చు. ఈ నియమాలను పేర్కొంటూ కోర్సు నిర్వాహకులకు లిఖితపూర్వకంగా రాయండి, పరీక్ష గడువుకు ముందే రాయండి.

ప్రశ్న: మా అబ్బాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. భారతీయ సంకేత భాషలో చక్కగా మాట్లాడతాడు కానీ తెలుగు చదవడం నెమ్మది. క్యాప్షన్లు ఉంటే చాలని బడిలో అంటున్నారు. నిజమేనా?
— తండ్రి, విజయనగరం

జవాబు: మీ అబ్బాయి విషయంలో చాలవు. సంకేత భాష తెలుగును చేతులతో చూపించే పద్ధతి కాదు. దాని వ్యాకరణం దానిది. ఆ భాషలో పెరిగిన పిల్లవాడికి తెలుగు క్యాప్షన్ రెండో భాషలోని రాతే అవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో క్లోజ్డ్ క్యాప్షన్లతో పాటు సంకేత భాషలో వివరించడాన్నీ, దృశ్యాన్ని మాటల్లో చెప్పే ఆడియో వర్ణననూ విడివిడిగా పేర్కొన్నది, ఒకటి ఉంటే మరొకటి అక్కరలేదని కాదు. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రంతో ఎన్‌సిఇఆర్‌టి 2020 అక్టోబరులో చేసుకున్న ఒప్పందం వల్ల పాఠ్యపుస్తకాలు సంకేత భాషలోకి వస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ పిఎం ఇ-విద్య టీవీ ఛానళ్లలో 31వ ఛానల్‌ను 2024 డిసెంబరులో పూర్తిగా సంకేత భాషకే కేటాయించారు. బడి వీడియోలకు, అవి వచ్చేలోగా, వేగాన్ని తగ్గించుకునే మీట, పాఠం మొత్తాన్నీ ఒకేచోట ఇచ్చే లిఖిత ప్రతి ఉండేలా అడగండి. ముందు రోజు ఆ ప్రతిని మీరు పక్కన కూర్చుని చదివిస్తే, మరుసటి రోజు క్యాప్షన్లు అబ్బాయికి కొత్తగా అనిపించవు.

ప్రశ్న: ప్రైవేటు కళాశాలలకు ఇవన్నీ చట్టప్రకారం తప్పనిసరా, లేక సలహాలు మాత్రమేనా?
— ప్రిన్సిపాల్, తిరుపతి

జవాబు: సలహాలు మాత్రమే అనుకునే కాలం గడిచిపోయింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 'సంస్థ' నిర్వచనం ప్రైవేటు సంస్థలను కూడా కలుపుకుంటుంది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను సిఫారసులుగా మిగిల్చిన, ఆ చట్టం కింద చేసిన నియమాల్లోని 15వ నియమం చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలను రూపొందించమని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30 నాటి మరో తీర్పులో డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడాన్ని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. సమాచార సాంకేతికత అందుబాటుకు ఐఎస్ 17802 అన్న భారతీయ ప్రమాణం కూడా ఉంది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి ఉచితంగా ఉంచిన ఉపన్యాసాలు బధిరులకు అందడం లేదని ఆ దేశ న్యాయశాఖ 2016లో తేల్చింది. పాతవాటన్నిటికీ క్యాప్షన్లు చేర్చే బదులు, 20,000కు పైగా వీడియో, ఆడియో పాఠాలను 2017లో విశ్వవిద్యాలయం ప్రజలకు అందకుండా వెనక్కు తీసుకుంది. అందరూ నష్టపోయారు. మీ కళాశాలలో పాత వీడియోల గుట్ట పెరగకముందే, ఇకపై తయారయ్యే ప్రతి పాఠానికీ క్యాప్షన్లు ఉండాలన్న నియమం పెట్టండి. పాతవాటిలో ఈ సెమిస్టరులో బోధించేవాటితో మొదలుపెట్టండి.

ప్రశ్న: డాలస్‌లో పిల్లలకు తెలుగు నేర్పుతున్నాము. ఒకే వీడియోకు తెలుగు, ఆంగ్ల క్యాప్షన్లు రెండూ పెట్టి, ఎవరికి కావలసింది వారు ఎంచుకునేలా చేయవచ్చా?
— స్వచ్ఛంద బోధకురాలు, టెక్సాస్

జవాబు: చేయవచ్చు. ఉచితంగా దొరికే ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ హెచ్5పిలోని ఇంటరాక్టివ్ వీడియోలో భాషకు ఒకటి చొప్పున వెబ్‌విటిటి ఫైళ్లు జతచేసి, ఒక్కోదానికి పేరు పెట్టండి. ఆంగ్ల ఫైలుకు తెలుగు సమయాలనే యథాతథంగా వాడకండి. వాక్యక్రమం వేరు కాబట్టి మాటకూ రాతకూ పొంతన తప్పుతుంది.

ప్రశ్న: మేము వాడే ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ విదేశీ సంస్థది. తెలుగు క్యాప్షన్ల ఇబ్బందులు రాసి పంపితే 'పరిశీలిస్తాము' అన్న జవాబు తప్ప ఏమీ రాలేదు. కొద్దిమందిమైన మా మాట వాళ్లు ఎందుకు వింటారు?
— స్వతంత్ర కోర్సు రూపకర్త, విశాఖపట్నం

జవాబు: వినేలా రాయవచ్చు. అందుకు కావలసిన ఆధారం ఇప్పటికే ఉంది. డబ్ల్యు3సి 2015 సెప్టెంబరు 24న వెలువరించిన ఎటిఎజి 2.0 అన్న ప్రమాణం ప్రత్యేకంగా ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ల కోసమే రాసినది. మొదటి భాగం, వైకల్యం ఉన్నవారు కూడా ఆ సాఫ్ట్‌వేర్‌తో కోర్సులు తయారుచేయగలగాలని చెబుతుంది. అంధ ఉపాధ్యాయులు తమ పాఠాలు తామే రూపొందించుకోవాలంటే ఇదే కీలకం, మన దగ్గర దీని గురించి దాదాపు ఎవరూ అడగడం లేదు. రెండో భాగం, ఆ సాఫ్ట్‌వేర్ వాడేవారు అందుబాటులో ఉండే కోర్సులనే తయారుచేసేలా దారి చూపాలని చెబుతుంది: చిత్రాలకు, వీడియోలకు ప్రత్యామ్నాయ పాఠాన్ని చేర్చడంలో సాయపడాలి, లోపాలను తానే వెతికి చూపాలి, ఫైలును ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చేటప్పుడు క్యాప్షన్లు, చిత్ర వివరణలు పోకుండా కాపాడాలి. తెలుగు ఫైలులో సంకేతాలు చెరిగిపోవడం ఈ చివరి సూత్రానికే తగులుతుంది. మీ ఉత్తరంలో దీనిని పేర్కొంటే, అది ఒక ప్రాంతీయ కోరికగా కాక ప్రమాణాన్ని తప్పిన లోపంగా నమోదవుతుంది.

సంఖ్య విషయంలో కూడా మీరు అనుకున్నంత ఒంటరివారు కారు. ఒత్తుల చోటు, సంకేతాల లెక్క, కనిపించని సంకేతం తొలగిపోవడం, ఇవి కన్నడ, మలయాళ, హిందీ, బెంగాలీ కోర్సులు చేసేవారికి కూడా ఏదో ఒక రూపంలో ఉన్నాయి. మీతో పనిచేసే ఆ భాషలవారితో కలిసి ఒకే ఫిర్యాదు కింద రాయండి.

ఒక్కో ఉత్తరంలో ఒక్క లోపమే ఉండాలి. సాఫ్ట్‌వేర్ రూపసంఖ్య (వెర్షన్), బ్రౌజర్, లోపం కనిపించే వరకు చేసిన పనుల క్రమం, కనిపించవలసిన రూపం, కనిపించిన రూపం, రెండింటి చిత్రాలు, దానివల్ల ఆగిపోయే విద్యార్థి ఎవరు అన్నవి రాయండి. 'తెలుగు సరిగా రావడం లేదు' అన్న వాక్యంతో తెలుగు చదవలేని ఇంజనీరు ఏమీ చేయలేడు. రెండు వరుసల నమూనా ఫైలు ఇస్తే అతడు తన బల్ల దగ్గరే లోపాన్ని పుట్టించి చూడగలడు.

వీటికంటే బలమైనది కొనుగోలు సమయం. మీ ఖాతాదారులైన కళాశాలలు, సంస్థలు లైసెన్సు కొనేముందూ, పొడిగించేముందూ, ఆ సాఫ్ట్‌వేర్ ప్రమాణాలను ఎంతవరకు పాటిస్తోందో తెలిపే విపిఎటి నివేదికను అడగాలని ఒప్పించండి. నివేదికతోనే ఆగకుండా, అమ్మకందారు ప్రతినిధి ఎదుటే ఒక తెలుగు వెబ్‌విటిటి ఫైలును దిగుమతి చేయించి, కోర్సుగా ప్రచురింపజేసి, ఫోనులోనూ కంప్యూటరులోనూ తెరిపించండి. ఆ ఫైలులో రెండు వరుసల్లోనూ సంయుక్తాక్షరాలు ఉన్న ఒక క్యాప్షన్, 'సాఫ్ట్‌వేర్' వంటి పదం ఉన్న ఒక క్యాప్షన్, తెలుగు అక్షరాలతో పాటు అంకెలు, ఆంగ్ల సూత్రం కలిసిన ఒక క్యాప్షన్ తప్పకుండా ఉంచండి.